'వెన్' కనిపిస్తే అడ్వర్బ్ క్లాజ్ అని పెట్టేస్తున్నా, మూడింట్లో రెండు తప్పు. ఎక్కడ పొరబడుతున్నా?

బురుజు_నీడ
కర్నూల్లో రూము తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్నా. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. లెక్కలు, రీజనింగ్ ఎలాగోలా లాగేస్తున్నా, ఇంగ్లీషు దగ్గరే మార్కులన్నీ పోతున్నాయి. అడ్జెక్టివ్ అంటే నామవాచకం ఎలాంటిదో చెప్పేది, అడ్వర్బ్ అంటే పని ఎలా జరిగిందో చెప్పేది, ఇంతవరకు వచ్చు. క్లాజుల (కర్త, క్రియ ఉండి పెద్ద వాక్యంలో భాగమయ్యే ముక్కల) దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది.

మొన్న టెస్టులో మూడు వాక్యాలిచ్చి, 'వెన్' నుంచి చివరిదాకా గీత గీసి, అది ఏ క్లాజో చెప్పమన్నారు.

"కాల్ మీ వెన్ హీ కమ్స్."
"ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్."
"ఐ రిమెంబర్ ద డే వెన్ హీ కేమ్."

నా నోట్సులో 'వెన్, వేర్, ఇఫ్, బికాజ్ వస్తే అడ్వర్బ్ క్లాజ్' అని ఉంది. మూడింటికీ అదే పెట్టా. కీ చూస్తే మొదటిది అడ్వర్బ్ క్లాజ్, రెండోది నౌన్ క్లాజ్, మూడోది అడ్జెక్టివ్ క్లాజ్. కోచింగులో అడిగితే ముందు సిలబస్ కానివ్వు, తర్వాత చెప్తా అన్నారు. వారం దాటింది. ఒకే మాట మూడు రకాలు ఎలా అవుతుంది?

ఉగ్గాని_బజ్జి
నాకూ ఇదే డౌటు, మూడేళ్ళుగా. ఎవరైనా చెప్తే ఇద్దరం బాగుపడతాం.

పెన్నా_ఒడ్డు
ఆ నోట్సు చించెయ్యి తమ్ముడూ. మాటను చూసి క్లాజుకు పేరు పెట్టకూడదు, వాక్యంలో అది చేసే పనిని చూసి పెట్టాలి. గీత గీసిన ముక్క తీసేసి 'ఇట్' పెట్టు. "ఐ డోంట్ నో ఇట్", సరిపోయింది, నౌన్ క్లాజ్. 'దెన్' పెట్టు. "కాల్ మీ దెన్", సరిపోయింది, అడ్వర్బ్ క్లాజ్. మూడోదానికి ముందు 'ద డే' అని నౌన్ ఉంది, ఏ రోజు అన్నదానికి జవాబు ఆ ముక్క చెప్తోంది, కాబట్టి అడ్జెక్టివ్ క్లాజ్. అంతే.

బురుజు_నీడ
అన్నా, 'ఇట్' పెడితే సరిపోయిందో లేదో నాకెలా తెలుస్తుంది? ఇంగ్లీషు చెవికి అలవాటున్నవాళ్ళకు తెలుస్తుంది. నాకు "కాల్ మీ ఇట్" కూడా బాగానే ఉన్నట్టుంది.

టవర్‌క్లాక్_రాజీ
నీ ఇబ్బంది నాకు అర్థమైంది. అనంతపురం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను, మా పిల్లలూ ఇదే మాట అంటారు. పెన్నా_ఒడ్డు చెప్పిన పద్ధతి మంచిదే, కానీ అది ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు పనికొచ్చే పద్ధతి. నీకు బాగా వచ్చిన భాషలోంచి చూద్దాం. ఆ మూడు వాక్యాల్నీ తెలుగులో పైకి చెప్పు, మనసులో కాదు.

వాడు వచ్చినప్పుడు నాకు ఫోన్ చెయ్యి.
వాడు ఎప్పుడొస్తాడో నాకు తెలీదు.
వాడు వచ్చిన రోజు నాకు గుర్తుంది.

ఇంగ్లీషులో మూడు చోట్లా అదే 'వెన్'. మనకు మాత్రం మూడు వేరే తోకలు: 'వచ్చినప్పుడు', 'ఎప్పుడొస్తాడో', 'వచ్చిన'. 'వచ్చిన' తర్వాత వెంటనే రోజు అనే నామవాచకం వచ్చింది, అది అడ్జెక్టివ్ క్లాజ్. చివర 'ఓ' ఉండి, తెలుసు, తెలీదు, అడుగు, చెప్పు లాంటి మాట ముందు కూర్చుంటే నౌన్ క్లాజ్. 'అప్పుడు, తే, నా, ముందు, తర్వాత' లాంటివి తగిలితే అడ్వర్బ్ క్లాజ్.

నేను బోర్డు మీద ఈ మూడూ రాసి పిల్లల చేత తోకలకు ఎర్ర చాక్‌పీసుతో సున్నా చుట్టిస్తాను. అప్పటిదాకా వెనక బెంచీలో నోరు మెదపనివాళ్ళు కూడా లేచి వచ్చి చుడతారు, ఎందుకంటే అది వాళ్ళకు వచ్చిన విషయం. ఇంగ్లీషు వాక్యం ఆ తర్వాతే రాస్తాను.

బురుజు_నీడ
అక్కా, రెండుసార్లు చదివా, మూడోసారి పైకి చెప్పుకున్నా. పక్క మంచం వాడు లేచి చూశాడు. ఇది నేను రోజూ మాట్లాడేదే కదా. ఎప్పుడొస్తాడో అనడానికి బదులు వచ్చినప్పుడు అని ఏ రోజూ అనలేదు.

సీమ_పంతులు
రాజీ మేడం చెప్పినదానికి కొంచెం కలుపుతాను. తెలుగు పండితుడిగా పనిచేసి రిటైర్ అయ్యాను, ఊరు కడప. ఈ తోకలకు హైస్కూల్ తెలుగు వ్యాకరణంలోనే పేర్లున్నాయి. పిల్లలు రెండు మార్కుల కోసం బట్టీపట్టి, ఇంగ్లీషు పీరియడ్ మొదలవగానే మర్చిపోతారు.

'వస్తే' చేదర్థకం. సంస్కృతంలో 'చేత్' అంటే 'అయితే' అని. ఇంగ్లీషు 'ఇఫ్' క్లాజ్ చేసే పని ఇదే. 'వచ్చినా' అప్యర్థకం. 'అపి' అంటే 'కూడా'. 'ఆల్దో', 'ఈవెన్ ఇఫ్' చేసే పని. 'వచ్చి' క్త్వార్థకం, ముందు అయిపోయిన పనిని చెప్తుంది. 'వస్తూ' శత్రర్థకం, ఇంకో పనితో పాటు జరుగుతున్నదాన్ని చెప్తుంది. 'వచ్చిన, వచ్చే, రాని' అనేవి క్రియాజన్య విశేషణాలు. ఆ పేరులోనే జవాబు ఉంది చూడండి: క్రియలోంచి పుట్టిన విశేషణం. ఇంగ్లీషువాడు 'హూ, విచ్, దట్' పెట్టి ఒక క్లాజంతా కట్టి చేసే పనిని మనం క్రియ చివర ఒక్క అక్షరం మార్చి చేస్తాం. "ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే" అంటే 'నిన్న వచ్చిన మనిషి'. 'హూ' మనకు లేదు, అవసరమూ లేదు.

తేడా ఒకటి గుర్తుంచుకోవాలి. నేను వస్తే, నువ్వు వస్తే, వాళ్ళు వస్తే, అంతటా 'వస్తే' ఒకటే. దానికి కాలమూ లేదు, పురుషా లేదు. వాక్యాన్ని అది ముగించలేదు, అందుకే దాన్ని అసమాపక క్రియ అన్నారు. ఇంగ్లీషు క్లాజులో మాత్రం కర్త పైకి కనబడాలి, క్రియకు కాలం ఉండాలి. "ఇఫ్ ఐ కమ్", "ఇఫ్ హీ కమ్స్". మన పిల్లలు కర్తను మింగేసి "ఇఫ్ కమ్స్, ఐ విల్ టెల్" అని రాసేది ఇందువల్లే.

ఉగ్గాని_బజ్జి
పంతులుగారూ, అప్యర్థకం అనే మాట పదో తరగతి తర్వాత ఇప్పుడే మళ్ళీ విన్నా. అప్పుడు ఇలా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

పెన్నా_ఒడ్డు
అందరూ తెలుగులోకి మార్చి చూడమంటున్నారు, నేను మాత్రం ఒప్పుకోను. క్లాజుల వరకు సరే. అదే అలవాటుతో అడ్జెక్టివ్, అడ్వర్బ్ దగ్గరికి వెళ్తే నిలువునా మునుగుతారు. 'ఆమె అందంగా ఉంది' ఇంగ్లీషులో చెప్పండి. 'గా' ఉంటే అడ్వర్బ్ అని బళ్ళో చెప్తారు. ఇక "షీ ఈజ్ బ్యూటిఫుల్లీ" అంటారు.

అమ్మ_డైరీ
ఇది మా ఇంట్లో జరిగిందే. పాప తొమ్మిదో తరగతి. నోటుపుస్తకం చూస్తే ఒకే పేజీలో రెండు ఎర్ర గీతలు. "ద కాఫీ ఈజ్ హాట్లీ" అని ఒకటి, "షీ సింగ్స్ గుడ్" అని ఒకటి. మొదటిదాంట్లో లేని 'లీ' తగిలించింది, రెండోదాంట్లో 'వెల్' పెట్టాల్సిన చోట 'గుడ్' పెట్టింది. ఏమ్మా ఇది అంటే, 'కాఫీ వేడిగా ఉంది, గా వచ్చింది కదా' అంది. నా దగ్గర జవాబు లేదు. నేను ఇంటర్‌తో ఆపేశాను, కానీ పాపకు తెలియకుండా వదలడం ఇష్టం లేదు. వివరంగా చెప్పండి.

టవర్‌క్లాక్_రాజీ
పాప తప్పు రాసినా ఆలోచించి రాసింది, ముందు ఆ మాట తనతో చెప్పండి. మన 'గా' రెండు పనులు చేస్తుంది.

'ఆమె అందంగా పాడింది' అన్నప్పుడు 'అందంగా' పాడటాన్ని చెప్తోంది. అది అడ్వర్బ్, "షీ శాంగ్ బ్యూటిఫుల్లీ". 'ఆమె అందంగా ఉంది' అన్నప్పుడు ఉండటం అనే పనిని ఎవరూ అందంగా చేయరు. అందం ఆమెది. ఇంగ్లీషులో అది అడ్జెక్టివ్, "షీ ఈజ్ బ్యూటిఫుల్". కాఫీ వేడిగా ఉంది, ఇల్లు పెద్దగా ఉంది, నాన్న కోపంగా ఉన్నాడు, అన్నీ అంతే. తెలుగులో 'గా' పక్కన 'ఉంది, ఉన్నాడు, ఉన్నారు' కనిపిస్తే ఇంగ్లీషులో 'లీ' పెట్టొద్దు అని చెప్పండి.

బురుజు_నీడ
మరి "ద ఉగ్గాని టేస్ట్స్ గుడ్" అంటారు కదా. అక్కడ 'ఈజ్' లేదు. 'టేస్ట్స్' అనేది క్రియే, 'వెల్' ఎందుకు రాదు?

ఉగ్గాని_బజ్జి
నా పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా, ఆ వాక్యం ఏ గ్రామర్‌లో అయినా నిజమే.

పెన్నా_ఒడ్డు
ఉగ్గాని తానే నాలుకతో రుచి చూడదు కదా. 'టేస్ట్స్' తీసి 'ఈజ్' పెట్టి చూడు, "ద ఉగ్గాని ఈజ్ గుడ్". అర్థం నిలబడితే అడ్జెక్టివే రావాలి. 'లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్, సౌండ్, సీమ్, బికమ్', వీటన్నిటికీ ఈ పరీక్ష పెట్టు. అయితే ఒకే వెర్బ్ రెండు వైపులా ఆడుతుంది, జాగ్రత్త. "హీ లుక్డ్ యాంగ్రీ" అంటే కోపంగా కనిపించాడు. "హీ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మీ" అంటే నా వైపు కోపంగా చూశాడు. రెండోదాంట్లో 'లుక్డ్' తీసి 'వాజ్' పెడితే వాక్యం చెడిపోతుంది. పరీక్షల్లో తప్పు పట్టమని ఇచ్చేది ఇలాంటివే.

రాత్రి_డ్యూటీ
'లీ' గురించి నా సంగతి చెప్తా. మాది ధర్మవరం వైపు. బెంగళూరులో మొదటి ఇంటర్వ్యూ. నిన్ను ఎందుకు తీసుకోవాలి అని అడిగారు. 'సర్, ఐ వర్క్ హార్డ్లీ' అన్నా. హార్డ్ అంటే కష్టం, లీ పెడితే కష్టంగా, లెక్క సరిపోయింది కదా అనుకున్నా. ఆయన సరిగా వినపడలేదేమో అన్నట్టు మళ్ళీ అడిగారు. నేను ఇంకాస్త గట్టిగా అదే చెప్పా. ఉద్యోగం రాలేదు. 'హార్డ్లీ' అంటే 'చేసీ చేయనట్టు, దాదాపు లేనట్టు' అని రూముకొచ్చాక డిక్షనరీలో చూసి తెలుసుకున్నా. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

'హార్డ్' దానికదే అడ్వర్బ్ కూడా. "ఐ వర్క్ హార్డ్". 'ఫాస్ట్' కూడా అంతే, 'ఫాస్ట్లీ' అనే మాటే లేదు. 'లేట్' అంటే ఆలస్యంగా, 'లేట్లీ' అంటే ఈ మధ్య. 'నియర్' అంటే దగ్గర, 'నియర్లీ' అంటే దాదాపు. ఈ నాలుగూ గోడ మీద అతికించుకోండి. నేను అతికించుకున్నా.

అమ్మ_డైరీ
చదువుతుంటే బాధేసింది బాబూ. తర్వాత ఉద్యోగం వచ్చిందా?

రాత్రి_డ్యూటీ
వచ్చిందక్కా, ఐదో ఇంటర్వ్యూకి. ఇప్పుడు రాత్రంతా ఇంగ్లీషులోనే మాట్లాడతా.

టవర్‌క్లాక్_రాజీ
దానికి తిరగేసినది కూడా ఉంది. 'ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, కాస్ట్లీ', వీటి చివర 'లీ' ఉన్నా అడ్జెక్టివ్‌లే. 'హీ స్పోక్ ఫ్రెండ్లీ' అని రాయకండి, "ఇన్ ఎ ఫ్రెండ్లీ వే" అనాలి.

బుడ్డల_చేను
రాజీ మేడం, మీరు 'ఓ' ఉంటే నౌన్ క్లాజ్ అన్నారు. మాది కళ్యాణదుర్గం దగ్గర, బుడ్డలు (వేరుశనగ) వేస్తాం. మా నాయన రోజూ అనే మాట: 'ఎప్పుడు వాన పడుతుందో అప్పుడే విత్తనం వెయ్యాల'. ఇక్కడ 'పడుతుందో' అని 'ఓ' ఉంది. ఇది నౌన్ క్లాజా? నాకైతే టైం చెప్తున్నట్టుంది. ఇంగ్లీషులో "వీ సో ఓన్లీ వెన్ ఇట్ రెయిన్స్" అంటే అడ్వర్బ్ క్లాజే కదప్పా?

పెన్నా_ఒడ్డు
పట్టావు. ఇందుకే తోక చూసి చెప్పొద్దన్నా.

టవర్‌క్లాక్_రాజీ
మంచి ప్రశ్న. నేను చెప్పింది సగమే, ఒప్పుకుంటున్నా. 'పడుతుందో' తర్వాత ఏం వచ్చిందో చూడండి. 'అప్పుడే' వచ్చింది. తెలుగులో ఇది జంట: ఎప్పుడో-అప్పుడు, ఎక్కడో-అక్కడ, ఎలాగో-అలాగే. వెనక జోడీ వస్తే ఆ జోడీయే పని ఏమిటో చెప్తుంది. అప్పుడు, అక్కడ, అలాగే, మూడూ అడ్వర్బ్ వైపే. జోడీ లేకుండా నేరుగా 'తెలుసు, అడుగు, చెప్పు' వస్తే నౌన్ క్లాజ్. మీ నాయన వాక్యం ఇకమీదట మా క్లాసులో చెప్తా.

బుడ్డల_చేను
చెప్పండి మేడం, నాయనకు చెప్తే సంతోషపడతాడు.

సీమ_పంతులు
'అని' గురించి ఎవరూ అనలేదు. "ఐ నో దట్ హీ ఫెయిల్డ్" అంటే 'వాడు ఫెయిలయ్యాడని నాకు తెలుసు'. 'తెలుసు, చెప్పు' లాంటి మాట ముందు 'అని' వస్తే నౌన్ క్లాజ్, ఇది సులభం. దీని పక్కనే ఒక చిక్కు ఉంది.

"ద న్యూస్ దట్ హీ ఫెయిల్డ్."
"ద న్యూస్ దట్ హీ బ్రాట్."

రెండింట్లోనూ 'న్యూస్' తర్వాత 'దట్'. చూడటానికి రెండూ అడ్జెక్టివ్ క్లాజుల్లా ఉన్నాయి. తెలుగులో చెప్పండి. 'వాడు ఫెయిలయ్యాడన్న వార్త', 'వాడు తెచ్చిన వార్త'. మొదటిదాంట్లో 'అన్న' ఉంది, అంటే వార్తలో ఉన్న సంగతే అది. అది నౌన్ క్లాజ్. రెండోది ఏ వార్త అంటే తెచ్చిన వార్త, అడ్జెక్టివ్ క్లాజ్. నాకు ఇంగ్లీషులో ఇది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఒకరోజు ఇంట్లో పేపరు చదువుతుంటే 'అన్న వార్త' అనే మాట కంటబడి తట్టింది.

బురుజు_నీడ
పంతులుగారూ, ఇది నోట్సులో రాసుకున్నా. 'అన్న వార్త, తెచ్చిన వార్త'. ఇంకో డౌటు. మొదటి వాక్యంలో 'కమ్స్' ఉంది, రెండోదాంట్లో 'విల్ కమ్' ఉంది. రెండూ ఇంకా జరగనివే. ఒకదానికి 'విల్' ఎందుకు, ఇంకోదానికి ఎందుకు వద్దు? 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అని రాస్తే ప్రతిసారీ కొట్టేస్తున్నారు.

టవర్‌క్లాక్_రాజీ
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. నాకు ఇష్టమైన భాగం ఇదే.

'రేపు వాన పడితే' అంటాం. 'పడుతుందితే' అని ఎవరైనా అంటారా? 'వాడు రేపు వచ్చినప్పుడు' అంటాం. రేపటి సంగతే అయినా 'వచ్చిన' అన్నాం, భవిష్యత్తు తీసుకురాలేదు. ఆ తోకకు భవిష్యత్తు అంటదు. ఇంగ్లీషులోనూ అక్కడ 'విల్' రాదు: "ఇఫ్ ఇట్ రెయిన్స్", "వెన్ హీ కమ్స్".

'ఎప్పుడొస్తాడో' చూడు. 'వస్తాడు' అని పూర్తి క్రియ లోపల ఉంది, దానికి 'ఓ' తగిలింది. రేపటి మాట అక్కడ పలుకుతోంది. అందుకే ఇంగ్లీషులోనూ "వెన్ హీ విల్ కమ్". 'ఇఫ్' కూడా అంతే. 'వాన పడితే' అయితే "ఇఫ్ ఇట్ రెయిన్స్". 'వాన పడుతుందో లేదో' అయితే "ఐ డోంట్ నో ఇఫ్ ఇట్ విల్ రెయిన్". ఆ రెండో 'ఇఫ్' తీసి 'వెదర్' (వాతావరణం కాదు, 'అవునో కాదో' అనే మాట) పెట్టినా చెల్లుతుంది, మొదటిదాంట్లో చెల్లదు.

రెండు భాషలకూ చుట్టరికం లేదు, మనది ద్రావిడ భాష, వాళ్ళది జర్మానిక్. అయినా ఈ ఒక్క చోట ఇలా కలిశాయి. మొదటిసారి ఇది గమనించిన రోజు స్టాఫ్ రూములో అందర్నీ ఆపి చెప్పా.

రాత్రి_డ్యూటీ
పదేళ్ళుగా మాట్లాడుతున్నా, 'విల్' ఎందుకు రాదో ఇవాళ తెలిసింది.

ఉగ్గాని_బజ్జి
'పడుతుందితే' అని ఇందాకటి నుంచి పైకి అని చూస్తున్నా. నోరు తిరగట్లేదు.

పెన్నా_ఒడ్డు
సరే, ఇది నిజంగా బాగుంది, కాదనను. కానీ తెలుగు చెయ్యి వదిలేసే చోటు కూడా పిల్లవాడికి చెప్పాలి. ఇవి చూడండి.

నేను రాసిన ఉత్తరం.
నేను రాసిన పెన్ను.
నేను రాసిన కాగితం.
నేను రాసిన రోజు.

నాలుగింట్లోనూ 'రాసిన' ఒకటే. ఉత్తరాన్ని రాశానా, పెన్నుతో రాశానా, కాగితం మీద రాశానా, ఆ రోజున రాశానా అనేది వినేవాడే ఊహించుకుంటాడు. ఇంగ్లీషు ఊహకు వదలదు. "ద లెటర్ దట్ ఐ రోట్", "ద పెన్ విత్ విచ్ ఐ రోట్", "ద పేపర్ ఆన్ విచ్ ఐ రోట్", "ద డే వెన్ ఐ రోట్". ఇక్కడ మనవాళ్ళు 'ద పెన్ విచ్ ఐ రోట్' అని రాసి వదిలేస్తారు. పెన్నునే రాసినట్టు అవుతుంది. 'తో, మీద, లో, కి' అనేవి తెలుగులో మాయమవుతాయి, ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు వెతికి తెచ్చుకోవాలి.

ఇంకొకటి, కామా. కడపలో దస్తావేజులు టైపు చేసే పని నాది, రోజూ చూస్తా. "మై సన్ హూ లివ్స్ ఇన్ కడప" అని కామా లేకుండా రాస్తే, ఉన్న కొడుకుల్లో కడపలో ఉండేవాడు అని. 'సన్' తర్వాత ఒకటి, 'కడప' తర్వాత ఒకటి కామా పెడితే, ఉన్నది ఒక్క కొడుకే, వాడు కడపలో ఉంటాడని. తెలుగులో రెండిటికీ 'కడపలో ఉండే నా కొడుకు' అనే అంటాం. ఆస్తి కాగితంలో ఆ కామా చిన్న విషయం కాదు.

సీమ_పంతులు
పెన్నా_ఒడ్డు గారి నాలుగు వాక్యాలకు దణ్ణం. నాకు బ్రౌన్ దొర గుర్తొచ్చాడు. 1820లో ఆయన కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. తెలుగు నేర్చుకుని, 1840లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చు వేయించాడు, 1852లో నిఘంటువు వచ్చింది. ఆయన పేరు మీద మా ఊళ్ళో ఉన్న గ్రంథాలయానికి వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను, 'హూ, విచ్' అలవాటైన మనిషి 'రాసిన పెన్ను' దగ్గర 'తో' ఎక్కడుందని ఎంత వెతుక్కున్నాడో. మన బురుజు_నీడ వెతుకుతున్నదీ ఆ 'తో'నే, ఎదురు దిక్కు నుంచి.

బుడ్డల_చేను
"ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ వీ వెంట్" తప్పంట కదా? నాకు ఎప్పటికీ కరెక్టుగానే వినిపిస్తుంది.

పెన్నా_ఒడ్డు
తప్పే. మనం 'వాన పడినా, అయినా కూడా వెళ్ళాం' అని రెండుసార్లు ఒత్తుతాం. ఇంగ్లీషులో 'ఆల్దో' ఉంటే 'బట్' వద్దు, 'బట్' ఉంటే 'ఆల్దో' వద్దు. 'బికాజ్'కూ 'సో'కూ ఇదే. ఇంకో తప్పు, 'బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్' అని రాసి చుక్క పెట్టేయడం. తెలుగులో 'ఎందుకంటే వాన పడింది' అని విడిగా ఆపొచ్చు. ఇంగ్లీషు పరీక్షలో అది సగం వాక్యం, ప్రధాన వాక్యానికి ఆనించాలి. డిపెండెంట్ అని పేరు పెట్టింది అందుకే, ఒంటరిగా నిలబడదు.

బురుజు_నీడ
రాత్రి కూర్చుని నా రోజు మీదే ఐదు వాక్యాలు రాశా. దిద్దండి.

ఒకటి, "ద రూమ్ దట్ ఐ స్టే ఈజ్ స్మాల్."
రెండు, "వెన్ ద పవర్ గోస్ ఆఫ్, వీ సిట్ ఆన్ ద టెర్రస్."
మూడు, "ఐ డోంట్ నో వెన్ ద రిజల్ట్స్ విల్ కమ్."
నాలుగు, "ఇఫ్ ఐ పాస్, మై మదర్ విల్ బీ హ్యాపీ."
ఐదు, "ద టీ ఎట్ ద బస్టాండ్ స్మెల్స్ గుడ్."

టవర్‌క్లాక్_రాజీ
రెండు నుంచి ఐదు దాకా కరెక్టు. నాలుగోదాంట్లో 'హ్యాపిలీ' అనలేదు, 'ఇఫ్' పక్కన 'విల్' పెట్టలేదు, రెండూ గమనించా. మొదటిది 'నేను ఉండే రూము'. రూములో ఉంటావా, రూమును ఉంటావా?

బురుజు_నీడ
రూములో. "ద రూమ్ దట్ ఐ స్టే ఇన్ ఈజ్ స్మాల్."

పెన్నా_ఒడ్డు
అదీ. 'లో' దొరికింది.

అమ్మ_డైరీ
పాప ఇప్పటిదాకా నా పక్కనే కూర్చుని మొత్తం చదివింది. 'వేర్' మీద తనే మూడు వాక్యాలు రాసింది. "ఐ నో వేర్ హీ లివ్స్", 'ఎక్కడుంటాడో', నౌన్ క్లాజ్ అంది. "ద టౌన్ వేర్ హీ లివ్స్", 'ఉండే ఊరు', అడ్జెక్టివ్ క్లాజ్ అంది. "సిట్ వేర్ యూ లైక్" దగ్గర ఆగింది. 'నీకు నచ్చిన చోట కూర్చో' అంటే 'నచ్చిన' తర్వాత 'చోటు' అనే నామవాచకం వచ్చింది కదా, ఇది కూడా అడ్జెక్టివ్ క్లాజ్ కావాలి కదా అంటోంది. కాదని నాకు అనిపిస్తోంది కానీ ఎందుకో చెప్పలేకపోతున్నా.

టవర్‌క్లాక్_రాజీ
పాపకు నా తరఫున ఒక పెన్ను కొనివ్వండి. తెలుగు వాక్యంలో తను చెప్పింది నిజమే, 'నచ్చిన' చోటుకు విశేషణమే. ఇప్పుడు ఇంగ్లీషు వాక్యంలో 'వేర్'కు ముందు వేలు పెట్టమనండి. "ద టౌన్ వేర్" అన్నప్పుడు వేలి కింద 'టౌన్' ఉంది. "సిట్ వేర్" అన్నప్పుడు వేలి కింద ఏముంది?

అమ్మ_డైరీ
'సిట్' ఉంది. వెర్బ్. అడ్వర్బ్ క్లాజ్ అని గట్టిగా అరిచింది, వాళ్ళ నాన్న నిద్రలేచాడు.